చదువు మొక్కు

నర్మెట్ట
12 జూన్ 1977

చిరంజీవి తమ్ముడు సంజీవకు అక్క దీవెనలు.

నీ పటం అందింది. జనగామ బస్సు కండక్టరు తన సీటు పక్కన నిలబెట్టుకొని తెచ్చిండట. అద్దం పగలలేదు. నల్ల గౌను బాగున్నది. టోపీ కొంచెం వంకరగా ఉన్నది. పాలు పోయవచ్చిన గంగి చూసి, "గివి వకీలు బట్టలా, పాదిరి బట్టలా అవ్వా?" అని అడిగింది. మా తమ్ముడు పాసైన బట్టలు అన్న. "ఇంకెన్ని పాసైతడు? దేవుండ్ల గోడ గూడ నిండవట్టె గద" అన్నది. నిజమే. దేవుళ్ళ పటాలు కొంచెం జరిపి నీకు చోటు చేసిన. వాళ్ళేమీ అనుకోరు.

ఒక మాట అడుగుదామని రాస్తున్న. అరవై తొమ్మిదిలో కాలేజీలకు తాళాలు పడి, తెలంగాణ కావాలని ఊరేగింపులో పోయి నువ్వు వరంగల్ జైల్లో ఉన్నప్పుడు, కొమరెల్లి మల్లన్నకు ఒక మొక్కు మొక్కిన. తమ్ముని చదువు చల్లగ పూర్తయితే ఇద్దరం పక్కపక్కన కూర్చొని పట్నం వేయిస్తమని. బాపు అప్పటికి ఉన్నడు. "ఒక్కదానివి మొక్కుకోరాదా బిడ్డా, వాన్నెందుకు కలిపినవ్? వాడు ఎప్పుడొస్తడో ఏమో" అన్నడు. మొక్కిన మొక్కును మార్చలేం కదా.

పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి పిడికిట్లోంచి జార్చుకుంట ఒగ్గు పూజారులు నేల మీద వేసే ఆ పట్నం నేను ఒక్కసారే చూసిన, చిన్నప్పుడు, అమ్మ ఒడిలో కూర్చొని. ఆ రంగులు మళ్ళీ ఒకసారి చూడాలని ఉన్నది.

మొక్కు తీర్చాలంటే చదువు పూర్తయిందని దేవునికి చెప్పాలె. అది నేను చెప్పే మాట కాదు, నువ్వు చెప్పేది. పూర్తయిందా?

నీ జాబులో పరీక్షల పేర్లున్నయి, మార్కులున్నయి. తెలుగు ఎమ్మేలో ఏం చదివినవో మాత్రం లేదు. ఏడేండ్ల పిల్లగానివి, బడి నుంచి రాంగనే పొయ్యి కాడ కూర్చొని ఆనాటి పాఠం నాకు ఒప్పజెప్తుంటివి. వడ్ల గుమ్మికి బొగ్గుతోటి అక్షరాలు రాసి దిద్దమంటుంటివి. అత్తగారింటి నుంచి ఒంటిగ తిరిగొచ్చిన దాన్ని, అంత పెద్దదాన్ని, నీ దగ్గర చదువు నేర్చిన. ఈ జాబు ఆ అక్షరాలతోటే రాస్తున్న. అందుకే అప్పుడు అడిగినట్టే అడుగుత.

ఇయ్యాల ఏం చదివినవు?

నీ అక్క
కౌసల్య


మహబూబాబాద్
30 జూన్ 1977

పూజ్యురాలైన అక్కయ్య గారికి, తమ్ముడు సంజీవ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేనూ, మీ మరదలు సరోజనా క్షేమం. మీ క్షేమ సమాచారాలు తెలుపగలరు.

మీ ఉత్తరం అందింది. మొక్కు సంగతి చదివి సిగ్గుపడ్డాను. 'పూర్తయిందా?' అని మీరు అడిగిన తీరులోనే సమాధానం ఉంది. పూర్తి కాలేదని మీ ఉద్దేశం. నిజమే. తెలుగు ఎం.ఏ.లో ద్వితీయ శ్రేణి మాత్రమే వచ్చింది. దేవుడి ముందు నిలబడి గర్వంగా చెప్పుకోదగినది కాదు. అందువల్ల న్యాయశాస్త్రంలో పోస్టు ద్వారా చదివే కోర్సుకు దరఖాస్తు చేశాను. అది ముగిసిన మీదట మీరు నిస్సందేహంగా మొక్కు తీర్చుకోవచ్చు.

తెలుగు ఎం.ఏ.లో ఏం చదివానో వ్రాయమన్నారు. ప్రాచీన కవిత్వం, ఆధునిక కవిత్వం, భాషాశాస్త్రం, వ్యాకరణం, సాహిత్య విమర్శ. భాషాశాస్త్రంలో అత్యధిక మార్కులు వచ్చాయి.

పటానికి ధూళి పట్టకుండా చూడగలరు.

ఇట్లు
మీ విధేయుడైన తమ్ముడు
సంజీవ, బి.ఏ., బి.ఇడి., ఎం.ఏ. (రాజనీతి), ఎం.ఏ. (తెలుగు)


నర్మెట్ట
24 జులై 1977

తమ్ముడు సంజీవకు అక్క దీవెనలు.

అక్కయ్య గారు అని రాసినవు. మొదటి గీత చదివి ఎవరిదో జాబు మనింట్లో పడ్డదనుకున్న. కింద నీ పేరు చూసినంక నమ్మిన. నన్ను 'మీరు' అనవడితివి. జాబు చదువుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టున్నది. తప్పని కాదు. పంతులువి, నీకు అట్లనే అలవాటయి ఉంటది.

న్యాయశాస్త్రం చదువుకుంటానంటే నేనెందుకు అడ్డం చెప్త? మల్లన్న ఆగుతడు. ఆయనకు తొందరేమున్నది.

ఇంటి ముందటి వాన నీళ్ళు వాకిట్లోకి వస్తున్నయి. కాలువ తీయించాలె. బాపు ఉన్నప్పుడు వానాకాలం ఇంట్లో మనుషుల చప్పుడుండేది. ఇప్పుడు వాన చప్పుడే. పొద్దుగూకినంక దీపం పెట్టి, నువ్వు రాసిన పాఠాల పేర్లు ఒకటికి రెండుసార్లు చదివిన. విమర్శ అంటే ఏంది? తప్పులు పట్టుడా, మెచ్చుకునుడా? తీరికున్నప్పుడు రాయి.

సరోజనను అడిగినట్టు చెప్పు.

ఇయ్యాల ఏం చదివినవు?

అక్క


మహబూబాబాద్
9 సెప్టెంబరు 1979

పూజ్యురాలైన అక్కయ్య గారికి నమస్కారాలు.

న్యాయశాస్త్రం పాసయ్యాను. పటం హనుమకొండ స్టూడియోలో తయారవుతోంది. ఈసారి టోపీ సరిగా పెట్టుకున్నాను.

ఈ సంగతి ఎలా పాకిందో గాని, మా బడి వెనుక తండా నుంచి చందూలాల్ అనే రైతు రోజూ వస్తున్నాడు. "వకీల్ సాబ్, జర గీ కాయితం సూడున్రి. పక్కోడు నా చెల్క హద్దు జరిపిండు. నేను ఏడికి పోవాలె, ఎవల్ని అడగాలె?" అంటాడు. నేను ప్రాక్టీసు చేసే వకీలును కానని, ఉపాధ్యాయుడినని చెప్పి పంపుతున్నాను. అతడు అర్థం చేసుకోడు. "మరి సదువుకున్నవ్ గద సారూ" అంటాడు. గుమ్మం ముందే కూర్చుంటాడు. సరోజన అతడికి చాయ్ ఇచ్చి, నాకు ఇవ్వడం మరిచిపోయింది.

మొక్కు గురించి. ఈ దసరాకే రావాలనుకున్నాను. కాని మనసు ఒప్పుకోలేదు. న్యాయశాస్త్రం పోస్టు ద్వారా చదివినది. కొందరు దాన్ని చదువు కింద లెక్కించరు. అందుకని తత్వశాస్త్రం ఎం.ఏ.కు ప్రైవేటుగా కడుతున్నాను. మీవంటి భక్తురాలికి అది సంతోషం కలిగిస్తుందని నా నమ్మకం.

ఇట్లు
సంజీవ, బి.ఏ., బి.ఇడి., ఎం.ఏ. (రాజనీతి), ఎం.ఏ. (తెలుగు), న్యాయశాస్త్ర పట్టభద్రుడు


నర్మెట్ట
2 డిసెంబరు 1979

తమ్ముడు సంజీవకు అక్క దీవెనలు.

పటం వచ్చింది. టోపీ సరిగ్గ ఉన్నది. ముఖమే కొంచెం చిక్కింది.

చందూలాల్ సంగతి చదివి రెండు దినాలు మనసుల మెదిలింది. కోర్టుకు పొమ్మని కాదు, ఎవరిని అడగాలెనో ఆ ఒక్క మాట చెప్పకపోయినవా? చదివింది నోటి నుంచి బయటికి వస్తేనే మనకు కూడా గుర్తుంటది. చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్తుంటే నీకు వచ్చినయి. నాకు పన్నెండో ఎక్కం ఇప్పటికీ నీ గొంతుతోటే వినపడతది.

తత్వశాస్త్రం అంటే సంతోషం. అందులో ఆత్మ గురించి ఉంటదట కదా. గుళ్ళో అయ్యగారు ఒకటి చెప్తడు. గంగి మొగడు చచ్చిపోయినప్పుడు అది, "ఏడికి పోయిండో ఎవడు జూసిండవ్వా, ఉన్నన్ని దినాలు ఇంటి పట్టున ఉండకపాయె" అన్నది. నాకు రెండూ నిజమే అనిపిస్తయి. నీ పుస్తకంలో ఏమున్నదో నాకు అర్థమయ్యేటట్టు రాయి. తొందర లేదు. పొద్దుగూకినంక ఒక్కదాన్నే ఉంట, నిమ్మలంగ చదువుకుంట.

ఈ నడుమ అక్షరాలు కదిలినట్టున్నయి. జర పెద్దగ రాయి.

ఇయ్యాల ఏం చదివినవు?

అక్క


మహబూబాబాద్
17 ఫిబ్రవరి 1980

పూజ్యురాలైన అక్కయ్య గారికి నమస్కారాలు.

నా చేతివ్రాత కుదురుగా లేదని మీరు సూచించినందుకు కృతజ్ఞుణ్ణి. పరీక్షల హడావుడిలో వ్రాత చెడింది. అందుకే ఈ ఉత్తరం కోర్టు పక్కన తెలుగు టైపు చేసే అతనితో కొట్టించి పంపుతున్నాను. ఇకపై ఇలాగే పంపుతాను.

తత్వశాస్త్రంలో ఏమున్నదని అడిగారు. మొదటి సంవత్సరం: భారతీయ తత్వశాస్త్రం, పాశ్చాత్య తత్వశాస్త్రం, తర్కం, నీతిశాస్త్రం. రెండవ సంవత్సరం: మత తత్వశాస్త్రం, జ్ఞానమీమాంస, ఒక ప్రత్యేక దర్శనం. ఆత్మ గురించి మొదటి పేపరులో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. పోయినసారి రాలేదు కనుక ఈసారి ఖాయం.

చందూలాల్ రావడం మానేశాడు.

ఇట్లు
సంజీవ


నర్మెట్ట
23 మార్చి 1980

సంజీవకు అక్క దీవెనలు.

జాబు అందింది. అచ్చు చక్కగ ఉన్నది.

పరీక్షలకు మంచిగ చదువుకో. పొద్దుకు తిను.

మల్లన్న చల్లగ చూస్తడు.

అక్క


మహబూబాబాద్
4 ఏప్రిల్ 1980

పూజ్యురాలైన అక్కయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఇంత చిన్న ఉత్తరం మీరు ఎన్నడూ వ్రాయలేదు. అక్షరాలు ఒక్కొక్కటి పెద్దవిగా, విడివిడిగా, కోపంతో నొక్కి వ్రాసినట్టున్నాయి. చివర మీరు ఎప్పుడూ అడిగే ప్రశ్న కూడా లేదు. చదువు సంగతి అడగడం కూడా దండగ అనుకున్నారా?

మీ కోపానికి కారణం ఊహించగలను. మొక్కు మొక్కి పదేళ్లు దాటింది. మీరు అనుకున్న స్థాయికి నేను చేరలేదు. నన్ను క్షమించండి. ఆలస్యం నాది, శ్రద్ధా లోపం కాదు.

తత్వశాస్త్రం ఎలా వచ్చినా సరే, వెంటనే చరిత్రలో ఎం.ఏ. కట్టాలని నిర్ణయించుకున్నాను. అందులో ప్రథమ శ్రేణి తెచ్చుకుంటాను. అప్పుడు మీరే మొక్కు తీర్చుకుందాం రమ్మంటారు.

సరోజన మిమ్మల్ని అడిగానని చెప్పమంది. ఆమె మీ ఉత్తరం చూసి, "అక్కకు కోపం రాంగ నేను సూడలే. పెయ్యి బాగుందో లేదో అడుగున్రి ముందు" అంది. అడుగుతున్నాను. ఆరోగ్యం ఎలా ఉంది?

సంజీవ


నర్మెట్ట
11 మే 1980

సంజీవకు దీవెనలు.

కోపం లేదు. పెయ్యి బాగున్నది. పరేషాన్ కావద్దు.

చరిత్ర మంచిదే.

పట్నం ఎప్పుడంటే అప్పుడు. జర తొందరగ అయితే బాగుండు.

అక్క


టేకుమట్ల, భూపాలపల్లి మార్గం
21 నవంబరు 1982

పూజ్యురాలైన అక్కయ్య గారికి నమస్కారాలు.

ఈ సంవత్సరం మీ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలోనూ కలిపి అయిదు వాక్యాలున్నాయి.

నాకు ఇక్కడికి బదిలీ అయింది. బడి చిన్నది. సాయంత్రం నాలుగున్నరకు పిల్లలు వెళ్లిపోతే మాట్లాడేవారు ఉండరు. సరోజన ఇక్కడి ఇల్లు కుదిరేదాకా జనగామలో తన పుట్టింట్లో ఉంటోంది. త్వరగా రమ్మని నేనూ అనలేదు. చరిత్ర రెండో సంవత్సరం పరీక్షలు వాయిదా పడి మార్చి పద్నాలుగున మొదలవుతున్నాయి. గదిలో పుస్తకాల కంటే గైడ్లే ఎక్కువ పేరుకున్నాయి. వాటి మధ్య పడుకుంటున్నాను. కప్పు మీద వాన పడితే మన ఇల్లు గుర్తొస్తుంది.

తత్వశాస్త్రంలో మూడవ శ్రేణి వచ్చిన సంగతి మీకు వ్రాయలేదు. పటం కూడా కట్టించలేదు. ఆత్మ మీద ప్రశ్న రాలేదు.

చరిత్ర అయ్యాక పరిశోధన చేసి డాక్టరు పట్టం తెచ్చుకుంటే, దాని తరువాత చదవడానికి ఇంకేమీ ఉండదంటారు. మొక్కుకు అది సరిపోతుందా? ఒక్క మాట వ్రాయండి. అయిదేళ్లు పట్టినా తెస్తాను.

సరోజన ఒకసారి మిమ్మల్ని చూసి వస్తానంది.

సంజీవ


నర్మెట్ట
16 జనవరి 1983

సంజీవకు అక్క దీవెనలు.

ఈ జాబు మూడు పొద్దుల్లో రాస్తున్న. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓపికగ చదువు.

సరోజన వచ్చి నాలుగు దినాలుండి పోయింది. ఇల్లు కళకళలాడింది. పప్పుల పచ్చి చింతకాయ వేసి వండింది. పోయేముందు గడప మీద కూర్చొని ఒక మాట అన్నది. "అక్కా, నీ జాబు వస్తే ఆయనకు జరమొచ్చినట్టే. విప్పకుండ ఇంత సేపు చూస్తడు. చదివి ఇంకో పరీక్షకు కడ్తడు. జర నువ్వన్న చాలు అనరాదా."

ఆమె బస్సెక్కినంక ఈ జాబు రాయ కూర్చున్న.

నేను నీకు పరీక్ష పెట్టిననా తమ్మీ? పూర్తయిందా అని అడిగింది, పూర్తయితే నువ్వు వస్తవని. ఇద్దరం కూర్చుంటమని. చాలలేదని కాదు. మొదటి బీఏకే నాకు నిండింది. నువ్వు ఇంకా చదువుకుంటానంటే, నీకు చదువు మీద అంత ప్రేమ ఉన్నదనుకున్న. నడుమ పిలిస్తే నీ చదువు చెడుతదని ఊకున్న. ఏం చదివినవని అడిగితే నువ్వు రాయకపోయేసరికి, నా అసుంటి దానికి చెప్పినా అర్థం కాదనుకుంటున్నవని అడుగుడు బంద్ చేసిన. కోపంతోటి కాదు.

ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆగినం. మల్లన్న ఇద్దరినీ చూసుకుంట కూర్చున్నడు.

డాక్టరు పట్టం తేవాలనుకుంటే తెచ్చుకో. నా మొక్కు కోసం వద్దు.

అక్క


టేకుమట్ల
6 ఫిబ్రవరి 1983

అక్కా,

నీకు దండాలు. ఈ జాబు పొడుగు కాయితం మీద, లావు పాళీతోటి, బొటనవేలంత అక్షరాలు రాస్తున్న. కిటికీ కాడ ఎండల పెట్టుకొని చదువు. తొందర లేదు.

సరోజన వచ్చి అంతా చెప్పింది. నువ్వు నా పటాలు తుడుస్తుంటే చూసిందట. ఒక్కొక్క పటాన్ని వేళ్ళతోటి తడిమి, "ఇది లా చదువుది అయి ఉంటది, చట్రం నున్నగున్నది" అన్నవట. ఏందక్కా అని అడిగితే, "మబ్బు పట్టినట్టుంటది బిడ్డా, నడుమ జర వెలుగుంటది. వానికి పరీక్షలు, చెప్పకు" అన్నవట. రెండేండ్ల కిందనే హనుమకొండల కండ్ల డాక్టరు చెప్పిండట, నీటికాసులని, పోయిన చూపు రాదని, ఉన్నది కాపాడుకోవాలెనని. నువ్వు ఒక్కదానివే బస్సెక్కి పోయొచ్చినవట.

అక్షరాలు కదులుతున్నయి, పెద్దగ రాయి అని రాసినవు. నేను టైపు కొట్టించి పంపిన. చీమ తలకాయంత అక్షరాలు. ఆ కాయితం నువ్వు ఎట్ల చదివినవో, అసలు చదివినవో లేదో. అచ్చు చక్కగున్నది అని జవాబు రాసినవు. నీ అక్షరాలు పెద్దగయితే కోపమనుకున్న. ఇన్ని చదివిన, ఒక్క జాబు చదువుడు రాలె.

తెలుగు ఎమ్మేల ఏం చదివినవని అడిగినవు. నేను పేపర్ల పేర్లు రాసిన. దాచుకొని కాదక్కా. నా కాడ అవే ఉన్నయి. గైడ్ల చుక్క పెట్టిన ప్రశ్నలు నేర్చుకున్న, రాసిన, మరిచిన. విమర్శ అంటే ఏందని నువ్వు అడిగిన నాడు, నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే గైడ్ల వాక్యమే వచ్చింది. అది నీకు రాయ సిగ్గయింది. చందూలాల్‌ను కూడ అందుకే పంపిన. ఎవర్ని అడగాలెనో నాకే తెల్వదు. తెల్వదని చెప్పలేకపోయిన.

ఇంకొకటి. డెబ్బై మూడుల లెక్చరర్ ఇంటర్వ్యూకు హైదరాబాద్ పోయిన. సిఫారసు ఉన్నోనికి ఇచ్చిన్రని నీకు చెప్పిన. గది గాదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్తూ, "గట్ల కాద్సార్, గిట్ల" అన్న. ఒకాయన పక్కాయన దిక్కు చూసి నవ్విండు. "ఏదీ, మళ్ళీ ఒకసారి అనండి" అన్నడు. అన్న. ఈసారి ఇద్దరూ నవ్విన్రు. మూడో ఆయన నవ్వకుంట పెన్సిల్ చెక్కుకున్నడు. ఆనాటి నుంచి గట్ల అనుడు బంద్ చేసిన, రాను రాను నీతోటి కూడ. ఇంకొక్క పట్టా ఉంటే ఆ నవ్వు ఆగుతదనుకున్న. ఎంత చదివినా అది చెవులనే ఉన్నది. నీకు రాసేటప్పుడు 'మీరు' అన్నది నీకు కాదక్కా, వాళ్ళకు.

మార్చి పదమూడు ఆదివారం. కొమరెల్లిల పట్నం వేస్తరు. నేను శనివారమే నర్మెట్ట వస్త. సరోజన జనగామల ఎక్కుతది. సోమవారం నా పరీక్ష. హాల్ టికెట్ వచ్చింది. దాన్ని గైడ్లల్లనే పెట్టిన. పరీక్షకు పోను.

చదువు పూర్తయిందని దేవునికి ఏం మొఖం పెట్టుకొని చెప్తనో తెల్వదు. కాని నీకు కనపడే ఆ జర వెలుగు ఉన్నప్పుడే పోదాం.

నీ తమ్మి
సంజీవ


టేకుమట్ల
17 ఏప్రిల్ 1983

అక్కకు దండాలు.

ఇంటికి వచ్చి నెలయింది. పట్నం రంగులు ఇంకా నా కండ్ల ముందటనే ఉన్నయి. నీకు ఎంత కనపడ్డదో నేను అడగలె. నీ చెవి కాడ కూర్చొని, ఇప్పుడు పచ్చది పోస్తున్నరు, ఇప్పుడు ఎర్రది, నడుమ తెల్లగ గీత తీస్తున్నరు అని చెప్తుంటే, నువ్వు తల ఊపుకుంట, "మూలకు ఏమేసిన్రు? ఆ గీత ఏడికెల్లి మళ్ళింది?" అని అడుగవడితివి. నువ్వు అడిగినంకనే నేను సరిగ చూసిన. లేకుంటే రంగులని చూసి లేస్తుంటి.

సరోజన ఇక్కడికి వచ్చేసింది. గైడ్లు పొయ్యిల పెడ్తానంటే, "వద్దున్రి, పొగొస్తది" అన్నది. అటక మీద పడేసినం.

పుస్తకాలు ఉంచుకున్న. ఇయ్యాల చదివింది రాస్తున్న.

కాకతీయుల చెరువుల మీద పరీక్షల నేను రెండుసార్లు రాసిన. 'గొలుసుకట్టు చెరువులు' అని కింద గీత కొట్టి మరీ రాసిన. ఈసారి ఒక్క పేజీ నిమ్మలంగ చదివిన. ఒక్క చెరువు నిండితే దాని మత్తడి దుంకిన నీళ్ళు వృథాగ పోకుంట కింది చెరువుకు పోతయి. అది నిండితే దాని కిందిదానికి. పైది నిండకుంట కిందిది నిండదు. చదివి ఊకోలె. ఇయ్యాల ఆదివారమని సరోజన, నేను ఘనపురం దిక్కు పోయి చెరువు కట్ట మీద నడిచినం. తూము కాడ కూర్చొని చూసినం. ఇన్నేండ్లు రాసిన మాట ఎట్లుంటదో అప్పుడు చూసిన.

ఈ కాయితం మీద మూడు చెరువులు గీసిన. నీళ్ళు పోయే దారికి మైదాపిండితోటి దారం అతికించిన. పైనుంచి వేలు పెట్టి మెల్లగ కిందికి రా. ముడి ఉన్న కాడ మత్తడి.

అర్థం కాకుంటే అడుగు. చందూలాల్‌కు కూడ ఒక కార్డు రాసిన, ఎవర్ని అడగాలెనో నేను ఇప్పుడు అడిగి తెలుసుకున్నదంత. అతనికి ఇంక అక్కరున్నదో లేదో.

నీ తమ్మి


నర్మెట్ట
28 ఏప్రిల్ 1983

సంజీవకు, సరోజనకు అక్క దీవెనలు.

పొద్దటి ఎండ కిటికీలోకి వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరం దొరుకుతది. అట్ల నీ జాబు మెల్లమెల్లగ చదివిన. చదువుతుంటే నువ్వు మాట్లాడినట్టే ఉన్నది.

దారం వెంట వేలు పోనిచ్చిన. రెండో చెరువు కాడ తప్పిపోయిన. మళ్ళీ పైకి పోయి వచ్చిన. ఇప్పుడు చూడకుండానే పోత. గంగికి చూపించి చెప్పిన. "పై చెరువు నిండనే నిండకపోతే కిందోళ్ళు ఏం జెయ్యాలె?" అని అడిగింది. నాకు తెల్వదు, రాసి అడుగుత అన్న. నువ్వు చదివి రాయి. తెల్వకుంటే తెల్వదని రాయి.

పటాలు తీసి సందుకలో పెట్టిన. కోపంతోటి కాదు. దేవుళ్ళు ఇరుక్కొని ఉన్నరు. నీ గొంతు ఉన్నది కదా.

నాకు పట్నం ఎంత కనపడ్డదని నువ్వు అడగలేదు, చెప్త. పసుపు కనపడ్డది. మిగిలింది నువ్వు చెప్పినవు. అమ్మ ఒడిలో చూసినప్పటికంటే ఎక్కువే చూసిన.

ఇంకొక మాట. ముగ్గు చెరిపే ముందు పూజారి కట్టయ్య, బండారి పసుపు పిడికిట్లో పట్టుకొని, "ఏం మొక్కినవవ్వా, తీరిందా?" అని అడిగిండు. డోలు చప్పుడులో నీకు వినపడి ఉండదు. తమ్ముని చదువు అయిపోయింది అన్న. ఆయన నా నుదుట పసుపు పెట్టిండు.

మల్లన్న ముందట నేను ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని నిజం కానియ్యకు.

ఇయ్యాల ఏం చదివినవు?

అక్క